రెండు ఎరుపులు

పొద్దున్నే ఇంక్యుబేటర్‌లోంచి నిన్నటి ప్లేట్లు తీశాను. అన్నీ విరేచనాల కేసుల మలం శాంపిళ్లు. ఒక్కో శాంపిల్‌కి ఒక మెకాంకీ, ఒక ఎక్స్‌ఎల్‌డీ. రెండూ బ్యాక్టీరియాను పెంచే మీడియాలే (పోషకాలున్న జెల్లీలు), కొన్నిటిని ఆపి, మిగతావాటిని రంగుతో వేరుచేసి చూపిస్తాయి.

మెకాంకీ చూడడం త్వరగానే అయిపోయింది. అందులోని బైల్ లవణాలు, క్రిస్టల్ వయొలెట్ కలిసి గ్రామ్ పాజిటివ్ అనే తరగతి బ్యాక్టీరియాను చాలావరకు ఆపేస్తాయి. పెరిగినవాటిలో లాక్టోజ్ (పాలలోని చక్కెర) వాడుకునేవి ఆమ్లం వదులుతాయి కాబట్టి న్యూట్రల్ రెడ్ అనే రంగు సూచిక వాటిని గులాబీ రంగులో చూపిస్తుంది. వాటిలో ఈ.కొలై కాలనీలు (గుంపులు) పొడిగా, క్లెబ్సియెల్లావి జిగురుగా ఉంటాయి. మలంలోని ఈ లాక్టోజ్ బ్యాక్టీరియా మీద ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ పేపర్ వచ్చింది 1905లో. ఆ పద్ధతి ఇంకా మా బల్ల మీద పనిచేస్తోందంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

ఒక ప్లేట్ దగ్గర ఆగిపోయాను. గులాబీ కాలనీల మధ్య రంగులేనివి కొన్ని. అదే శాంపిల్ ఎక్స్‌ఎల్‌డీ మీద ఎర్రటి కాలనీలు, నడుమ నల్లటి చుక్క. విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అనుమానం.

పక్కనున్న ట్రైనీ అమ్మాయి అడిగింది: "మేడమ్, షిగెల్లా కూడా ఎరుపే కదా. మరి సాల్మొనెల్లా జైలోజ్ తింటుంది, పసుపు రావాలి కదా?"

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. ఎక్స్‌ఎల్‌డీలోని సూచిక ఆమ్లంలో పసుపు, క్షారంలో ఎరుపు. జైలోజ్ ఒక చక్కెర, దాన్ని తింటే ఆమ్లం వస్తుంది. షిగెల్లా కూడా విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియానే. సాల్మొనెల్లా మొదట జైలోజ్ తిని పసుపుకే తిరుగుతుంది. కొద్దిగా ఉన్న ఆ జైలోజ్ అయిపోయాక లైసీన్ అనే అమైనో ఆమ్లం మీద పడుతుంది, క్షారం పుట్టి ఎరుపు తిరిగొస్తుంది. షిగెల్లా మామూలుగా జైలోజ్ జోలికే వెళ్లదు, మొదటినుంచీ ఎరుపే. ఈ.కొలైకి లాక్టోజ్, సుక్రోజ్ దండిగా పెట్టారు, దాని ఆమ్లం తగ్గదు, పసుపుగానే ఉండిపోతుంది. నల్ల చుక్క మాత్రం థయోసల్ఫేట్ నుంచి వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడ్, ఇనుముతో కలిసి. 1965లో వెల్టన్ టేలర్ ఇన్ని సంగతులను ఒక్క ప్లేట్‌లో ఇమిడ్చారు. నా దృష్టిలో మలం కల్చర్‌కి ఇంతకన్నా అందమైన మీడియం లేదు. మరీ తొందరగా తీసి చూస్తే సాల్మొనెల్లా ఇంకా పసుపులోనే ఉండొచ్చు, అందుకే 18 నుంచి 24 గంటల గడువు.

"అయితే రిపోర్ట్ రాసేద్దామా?" అంది. వద్దన్నాను. ప్రొటియస్ అనే మరో బ్యాక్టీరియా కూడా నల్ల చుక్క వేయగలదు. పైగా ఇలాంటి సెలెక్టివ్ (కొన్నిటినే పెరగనిచ్చే) మీడియాలో పెరగనివన్నీ చచ్చిపోయినట్టు కాదు, కొన్ని కాలనీ అడుగున అలాగే బతికి ఉంటాయి. కాలనీ పైభాగాన్ని మాత్రమే సూదితో తాకి న్యూట్రియెంట్ అగార్ అనే సాదా మీడియం మీద గీయమన్నాను. ఓపిగ్గా, చక్కగా గీసింది. గుర్తింపు కోసం టీఎస్ఐ, యూరియేజ్ పరీక్షలు కూడా పెట్టాం. సాల్మొనెల్లా అవునో కాదో తేల్చే సీరం పరీక్ష రేపు, ఒకే బ్యాక్టీరియా ఉన్న శుద్ధమైన కల్చర్ వచ్చాకే.

డాక్టర్‌కి ఫోన్ చేసి, "సాల్మొనెల్లా అనుమానం ఉందండీ, ఇంకా ఖరారు కాలేదు" అని చెప్పాను. పిల్లాడి కేసు, అందుకే టెన్షన్‌గా ఎదురుచూస్తున్నారు.

ఇంకో శాంపిల్‌లో అనుమానించేవేమీ కనిపించలేదు. కానీ తక్కువ సంఖ్యలో ఉంటే నేరుగా గీసినప్పుడు తప్పించుకుంటాయి. సాల్మొనెల్లాలాంటివాటి సంఖ్య పెంచే సెలెనైట్ బ్రాత్ అనే ద్రవంలో రాత్రంతా ఉంచిన దాని భాగాన్ని ఈ రోజు కొత్త ఎక్స్‌ఎల్‌డీ మీద గీశాను. దాని రిపోర్ట్ రేపు ఆ ప్లేట్ చూశాకే.