మాస్టారి సంచిలో చెప్పు

మన బడిలో తొమ్మిదో తరగతి చదివిన వాళ్లకి ఇంగ్లీషు మాస్టారి గుడ్డసంచి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు నేను రాసిన ఈ 'ఉండే ఉంటుంది' కూడా ఆ సంచిలోంచి వచ్చిందే.

1986లో ఒకరోజు ఆయన అందులోంచి పాత తోలు చెప్పు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. ఎడమకాలిది. మడమ దగ్గర బాగా అరిగింది, అడుగున ఎర్రమట్టి అంటుకుని ఎండిపోయింది. "ఈ చెప్పు తొడుక్కున్న మనిషి గురించి తలో వాక్యం చెప్పండి. ప్రతి వాక్యంలో ఊహని చెప్పే మస్ట్, మే, మైట్, కుడ్, కాన్ట్ వీటిలో ఏదో ఒకటి రావాలి" అన్నారు.

మన ఊరిది నల్లరేగడి. అందుకని ముందు బెంచీవాడు లేచి "హి కాన్ట్ బి ఫ్రమ్ అవర్ విలేజ్" అన్నాడు. మాస్టారు బోర్డు మీద రాశారు. వెంటనే ఒక అమ్మాయి లేచి, "మన ఊరి మనిషే పొరుగూరు వెళ్లొచ్చి ఉండొచ్చు కదండీ" అంది. ఆయన మారు మాట్లాడకుండా కాన్ట్ చెరిపేసి మే నాట్ రాశారు. నాకు హుషారొచ్చింది. "అయితే హి మస్ట్ హావ్ గాన్ టు అనదర్ విలేజ్" అన్నాను. ఆ అమ్మాయి మళ్లీ లేచింది. "స్టేషన్ రోడ్డుకి మొన్ననే ఎర్ర గ్రావెల్ తోలారండీ." నా మస్ట్ కూడా పోయింది, దాని చోట మైట్ వచ్చింది. పీరియడ్ అయ్యేసరికి బోర్డు మీద ఒక్క మస్ట్ మిగిలింది: ఈ చెప్పు ఎక్కడో ఎర్రమట్టి తొక్కి ఉండాలి. అంతే. మాస్టారు దాని కింద గీత గీశారు. ఆ చెప్పు ఎవరిదో మాకు ఆయన చెప్పనే లేదు. చాలా రోజులు అడిగాం.

మరుసటి వారమంతా తప్పులు దిద్దడంతోనే సరిపోయింది. మేమంతా 'షి మస్ట్ హాజ్ గాన్' అని రాసేవాళ్లం. షి వచ్చింది కాబట్టి హాజ్ రావాలని మా లెక్క. మస్ట్ పక్కన ఎవరొచ్చినా హావే, ఆ తర్వాత గాన్ లాంటి వీ-త్రీ రూపమే అని ఎన్నిసార్లు చెప్పారో. నేను ఇంకో తప్పు చేశాను. 'తాళం వేసుంది కాబట్టి ఆయన ఇంట్లో ఉండి ఉండడు' అనడానికి 'హి మస్ట్ నాట్ బి ఎట్ హోమ్' అని రాశాను. "అలా రాస్తే ఆయన ఇంట్లో ఉండకూడదని నువ్వు ఆర్డర్ వేసినట్టు అనిపిస్తుందిరా. మస్ట్‌కి ఎదురుమాట ఇక్కడ కాన్ట్" అన్నారు. అమెరికన్లు ఈ అర్థంలో కూడా మస్ట్ నాట్ వాడతారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కానీ నా చేతికి కాన్ట్ అలవాటైపోయింది.

వీటన్నిటికంటే పెద్ద విషయం ఆయన ఒక వానరోజు చెప్పారు. కిటికీలోంచి వాన కనబడుతోంది. "ఇట్ మస్ట్ బి రెయినింగ్ అనొచ్చా?" అని అడిగారు. అనొచ్చన్నాం. ఆయన తల అడ్డంగా ఊపారు. కళ్లెదురుగా కురుస్తుంటే ఇట్ ఈజ్ రెయినింగ్ అనాలి. కిటికీలు మూసి ఉన్నప్పుడు ఎవరైనా తడిసిన గొడుగుతో లోపలికొస్తే అప్పుడు మస్ట్. గట్టిగా నమ్ముతున్నానని చెబుతూనే, నేను చూడలేదు సుమా అని కూడా ఒప్పుకునే మాట అది. మన ఇళ్లల్లో మాత్రం? పొద్దున్నే వాకిలి తడిసి ఉంటే మా అమ్మమ్మ 'రాత్రి వాన పడింది' అనేది కాదు, 'పడి ఉంటుంది' అనేది.

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని అయ్యాను. గుద్దుకున్న బళ్లు చూసి ఇంగ్లీషులో రిపోర్టు రాయడమే నా పని. రిపోర్టులో చూసినది ఒక పేరాలో, ఊహించినది ఇంకో పేరాలో రాస్తాను. చాలా ఏళ్ల కిందట రాత్రిపూట రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని ఒక కారు వెనక నుంచి గుద్దింది. లారీ వెనక లైటు వెలుగుతోందా లేదా అన్నదే తగాదా. పగిలిన దీపంలోంచి బల్బు తీసి చూశాను. వెలుగుతున్న బల్బులో టంగ్‌స్టన్ తీగ రెండు వేల డిగ్రీలు దాటి కాగి మెత్తబడి ఉంటుంది. ఆ సమయంలో గట్టి దెబ్బ తగిలితే చుట్టలు సాగి వంకర తిరుగుతాయి. చల్లగా ఉన్న తీగ పెళుసు, అది గట్టి దెబ్బకి సాగకుండా టక్కున తెగుతుంది. నేను చూసిన తీగ బాగా సాగిపోయి ఉంది. గాజు కూడా పగలడంతో వేడి తీగకి గాలి తగిలి దాని మీద పసుపు తెలుపు పొడి పేరుకుంది. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లకు ఈ తీగ ఉండదు, ఈ సాక్ష్యమూ ఉండదు.

'ద లాంప్ మస్ట్ హావ్ బీన్ ఆన్' అని రాశాను. కారు డ్రైవరు నిద్రపోయి ఉంటాడని అందరూ అన్నారు. దానికి నా దగ్గర బల్బు లాంటిదేమీ లేదు. మే హావ్ అని కూడా రాయకుండా వదిలేశాను.

మొన్న సంక్రాంతికి మాస్టారింటికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా విన్నారు.

"లైటు వెలగడం నువ్వు చూశావా?"

"లేదు మాస్టారూ, తీగ చూశాను."

"అయితే మస్ట్ సరిపోయిందిరా" అని, కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు.