మా బాబుకు మాటలు ఆలస్యమైనప్పుడు

మాది గుంటూరు బ్రాడీపేట, నా భార్యది కోల్‌కతా. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీ. బాబుతో తను బెంగాలీ, మా అమ్మానాన్నలు తెలుగు. వాడికి రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనకపోయేసరికి, మూడు భాషలతో పిల్లాడు తికమకపడుతున్నాడని, బెంగాలీ మానేస్తే సరిపోతుందని చుట్టాలంతా తేల్చేశారు. మేం చూపించుకున్న ఒక డాక్టరుగారూ అదే మాటన్నారు.

తను మానేసింది. అంతకుముందు స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ వాడితో గలగలా కబుర్లు చెప్పే మనిషి, వచ్చీరాని తెలుగులో ‘పాలు తాగు’, ‘ఇటు రా’ అని ఊరుకునేది. వాడి మాటల కంటే నాకు ఇదే పెద్ద టెన్షన్ అయింది.

కొత్తపేటలో ఇంకో పిల్లల డాక్టరుకు చూపించాం. ఆవిడ భాషల ఊసెత్తకుండా ముందు వినికిడి పరీక్ష రాశారు. బెరా టెస్ట్ అంటారు. పిల్లాడు నిద్రలో ఉండాలి కాబట్టి పొద్దున్నుంచి పడుకోనివ్వకుండా తీసుకెళ్లాం. నుదుటి మీద, చెవుల వెనక సన్నటి వైర్లు అతికించి, చెవిలో టకటకమనే శబ్దం పెట్టి, అది మెదడు దాకా చేరుతోందా అని చూస్తారు. నొప్పి ఉండదు. రిపోర్టు నార్మల్ వచ్చింది. మాట ఆలస్యమైతే అన్నిటికంటే ముందు చేయించాల్సింది ఇదే.

తర్వాత స్పీచ్ థెరపిస్టు. ఏ భాషైనా సరే, వాడు అనే మాటలన్నీ రాసుకు రమ్మన్నారు. మా అమ్మ చెప్పిన తెలుగు మాటలు అర పేజీ కూడా కాలేదు. నా భార్య రాసింది పేజీ నిండింది. అవేవీ మా ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాలేదు! అన్నీ కలిపినా వయసుకు కొంచెం తక్కువేనని, థెరపీ అవసరమని చెప్పారు. అయితే ఎక్కువ భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, ఆలస్యమైన పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరని గట్టిగా చెప్పారు. తల్లి తనకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడాలన్నారు. అది విని తను అక్కడే ఏడ్చేసింది.

కౌన్సెలింగ్‌కు మా అమ్మను కూడా రమ్మన్నారు. చాలాసేపు మాట్లాడించాక అమ్మ అసలు సంగతి చెప్పింది. “రేపు మనవడు నాతో మాట్లాడకుండా పోతాడేమోనని భయం తల్లీ.” కోడలు నా పక్కకు తిరిగి, అత్తయ్యగారు ఏమన్నారని అడిగింది. చెప్పాను. ఒకే ఇంట్లో ఉంటూ ఈ భయం తనకు అప్పటిదాకా తెలియదు. టీవీ, ఫోను కట్టేసి రోజూ నానమ్మ తెలుగులో, అమ్మ బెంగాలీలో వాడితో విడివిడిగా ఆడుకోవాలని అక్కడే అనుకున్నాం.

పెళ్లి ఎవరి పద్ధతిలో, విందులో చేపలు పెట్టాలా వద్దా అని నెలల తరబడి చర్చించుకున్నాం. పిల్లలతో ఏ భాష, పెద్దవాళ్లకు ఏ బెంగ అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. భాషలు వేరైన జంటలకు పెళ్లికి ముందే ఇలాంటి కౌన్సెలింగ్ దొరకాలి.

థెరపీ ఇంకా నడుస్తోంది. వాడిప్పుడు రెండేసి మాటలు కలుపుతున్నాడు, ఒకటి తెలుగు, ఒకటి బెంగాలీ. అలా కలపడం మామూలేనట. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు అంగన్‌వాడీలో అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద మాట ఆలస్యమైన పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ఇంట్లో గొడవలతో మనసు బాగోలేని తల్లులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.