గారిసెండా: ఒరిగిన బురుజు, దాని కింది రాయి

ఇటలీలో ఒరిగిన కట్టడం అనగానే అందరికీ పీసాయే గుర్తుకు వస్తుంది. అయితే అది చర్చి గంటల కోసం కట్టిన గోపురం. శత్రువును దృష్టిలో పెట్టుకొని కట్టి, ఆ తరువాత అంతే వాలుతో ఒరిగిపోయిన కట్టడం చూడాలంటే బొలోన్యా నగరం నడిబొడ్డుకు వెళ్లాలి. అక్కడి గారిసెండా బురుజు ఎత్తు సుమారు 48 మీటర్లు. దాని పైభాగం నిట్టనిలువు గీత నుంచి మూడు మీటర్లకు పైగా పక్కకు జరిగి ఉంటుంది. పక్కనే 97 మీటర్ల అసినెల్లి బురుజు ఉంది. సందర్శకులు 498 మెట్లు ఎక్కుతూ వచ్చింది ఆ పెద్ద బురుజునే కనుక పేరంతా దానికే దక్కింది. ఆనాటి కట్టుబడిలోని తెలివీ, అందులోని బలహీనతా ఒకేచోట కనిపించేది మాత్రం పొట్టిదానిలోనే అని నా అభిప్రాయం.

ఈ రెండింటినీ 12వ శతాబ్దం తొలి దశాబ్దాలలో కట్టారని చెబుతారు. సాధారణంగా చెప్పేది 1109–1119 మధ్య కాలం. పవిత్ర రోమన్ చక్రవర్తికీ పోపుకూ మధ్య అధికారం కోసం పెనుగులాట సాగుతున్న ఆ రోజుల్లో నగరంలోని సంపన్న కుటుంబాలు చెరొక పక్షం వహించి, ఎవరి పేటలో వారు బురుజులు లేపుకున్నాయి. కలహం వచ్చినప్పుడు అది ఆశ్రయం, పొరుగింటి మీద దాడికి స్థావరం; కలహం లేనప్పుడు ఆ ఇంటివారి హోదాకు నిదర్శనం. బొలోన్యాలో ఇటువంటివి 180 దాకా ఉండేవని 19వ శతాబ్దపు చరిత్రకారుడు జొవాన్నీ గొజ్జాదీని లెక్క కట్టాడు. ఆయన ఆధారపడినవి ఆస్తి దస్తావేజులు. చేతులు మారినప్పుడల్లా ఒకే బురుజు కొత్త యజమాని పేరుతో నమోదయ్యే అవకాశం ఉన్నందువల్ల, తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను 80–100కు తగ్గించారు. పర్యాటకులకు ఇప్పటికీ 180 అనే చెబుతుంటారు గానీ తగ్గించిన లెక్కే నాకు నమ్మదగినదిగా తోస్తుంది. నేడు మిగిలినవి సుమారు ఇరవై.

కట్టిన విధానం చూస్తే ముందుగా పునాది కోసం ఐదు నుంచి పది మీటర్ల లోతు తవ్వి, నేలలోకి దుంగలు దిగగొట్టి, వాటి మీద గులకరాళ్లూ సున్నమూ వేసి గట్టిపరచేవారు. దానిపై సెలెనైట్ రాతి దిమ్మెలతో అడుగు భాగం లేచేది. ఇది ఒక రకం జిప్సం. నగరానికి ఆనుకొని ఉన్న కొండల్లోనే దొరికేది. ఆపైన అంతా ఇటుక. గోడ ఒకే దిమ్మెగా ఉండదు: లోపల మందమైన గోడ, బయట పలుచని గోడ, రెండింటి నడుమ రాళ్లూ సున్నపు గచ్చూ కలిపి కూరిన పూరణం. ఎత్తు పెరిగేకొద్దీ గోడ మందం తగ్గించి బరువును అదుపులో పెట్టేవారు. గోడల మీద వరుసగా కనిపించే చదరపు రంధ్రాలు బాణాల కోసం చేసినవని పొరబడేవారున్నారు. అవి పరంజా కర్రలు దూర్చడానికి వదిలినవి. అరవై మీటర్ల బురుజుకు మూడు నుంచి పదేళ్లు పట్టేదని అంచనా. అంత శ్రమపడి కట్టినా లోపల కాపురానికి తగినంత చోటుండేది కాదు; యజమానులు పక్కనున్న ఇళ్లలో ఉండేవారు.

గారిసెండా మొదట సుమారు అరవై మీటర్లు ఉండేది. పునాది కింద నేల కుంగి అది చాలా ముందే ఒరిగింది. 1321లో మరణించిన ఇటలీ కవి దాంతే తన ‘డివైన్ కామెడీ’ కావ్యంలోని నరకఖండం 31వ సర్గలో, తన వైపు వంగుతున్న అంతేయుస్ అనే రాక్షసుణ్ణి ఈ బురుజుతోనే పోల్చాడు: వాలు వైపున కింద నిలబడి చూసేవాడికి, పైన మేఘం ఎదురుగా కదిలిపోతున్నప్పుడు, గారిసెండాయే మీద పడుతున్నట్టు అనిపిస్తుందని ఆయన అంటాడు. కట్టడం వాలు ఆనాటికే ఊరందరికీ తెలిసిన విషయమని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే సాక్ష్యం అక్కరలేదు. దాంతే చూసినది పూర్తి ఎత్తున్న బురుజు. 14వ శతాబ్దం నడుమ, 1350లలో, అప్పటి పాలకుడు జొవాన్నీ దా ఒలెజ్జో కూలిపోతుందన్న భయంతో పైభాగాన్ని తీయించాడు. ఆ పన్నెండు మీటర్ల బరువు తగ్గడం వల్లనే ఇది ఇన్నాళ్లు నిలిచిందనడం అతిశయోక్తి కాబోదు.

అయితే ఇప్పుడు భయమంతా అడుగున ఉన్న సెలెనైట్ గురించి. కొత్తగా తవ్వితీసినప్పుడు చెక్కడానికి అనువుగా ఉండే ఈ రాయికి రెండు శత్రువులున్నాయి. తడి దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేడి తగిలితే దాని స్ఫటికాలలో బంధించి ఉన్న నీరు ఆవిరైపోయి రాయి పెళుసుబారుతుంది. గత శతాబ్దాలలో ఈ బురుజుల పాదాల దగ్గరే కమ్మరి కొలుములు ఉండేవన్నది గుర్తుంచుకుంటే ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. బయట కనిపించే ఎత్తయిన రాతి తొడుగును చూసి అది మధ్యయుగపుదే అనుకోకూడదు. అది 19వ శతాబ్దం చివర వేసినది. అసలు భారం మోసే రాళ్లు దాని వెనుక, కంటికి కనపడకుండా ఉన్నాయి. పైగా ఒరిగిన కట్టడంలో బరువు నాలుగు వైపులా సమంగా పడదు. వాలిన వైపు రాళ్ల మీదే ఒత్తిడి ఎక్కువ.

బురుజుకు అమర్చిన పరికరాలలో అసాధారణ కదలికలు నమోదు కావడంతో 2023 అక్టోబరులో నగరపాలక సంస్థ చుట్టుపక్కల వీధిని మూసివేసింది. అసినెల్లి మెట్లకూ తాళం పడింది. ఒకవేళ కూలితే శిథిలాలు ఇళ్ల మీదికి పోకుండా చుట్టూ లోహపు అడ్డుగోడ, వలలు ఏర్పాటు చేశారు. 1990లలో పీసా గోపురాన్ని పట్టి నిలపడానికి తయారు చేసిన ఉక్కు చట్రాలను ఇక్కడ వాడాలని నిర్ణయించారు. ముందు బురుజును ఆ చట్రాలతో పట్టి ఉంచాలి, ఆ తరువాతే అడుగు రాళ్లకు చికిత్స మొదలుపెట్టాలి. ఎందుకంటే అంత ఇటుక బరువు నెత్తిన ఉండగా ఒక్క రాయిని కదిలించినా ఆ భారం ఇప్పటికే అలసిపోయిన పక్కరాయి మీదికి పోతుంది.