రావత్తు పెడితే తొడ పట్టేసింది

మా పాపకి పదేళ్లు, ఇక్కడ నెదర్లాండ్స్‌లోని ఆమ్స్టెల్వేన్‌లో చదువుతోంది. క్లాసులో పిల్లలు వంతులవారీగా ఏదో ఒక టాపిక్ మీద మాట్లాడాలి, ఇదేమో 1953 వరద తీసుకుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 1 తెల్లారేసరికి జీలండ్ వైపు సముద్రం కట్టలు తెంచుకుని ఊళ్ల మీద పడింది, ఈ దేశంలో 1836 మంది పోయారు. మాది కృష్ణా జిల్లా, 1977 దివిసీమ ఉప్పెన గురించి అమ్మమ్మ దగ్గర వింటూ పెరిగినదాన్ని కదా, నేను ప్రాక్టీస్ చేయిస్తానని బడాయిగా కూర్చున్నా.

నాకు డచ్ మాటలు తెలుగులో రాసుకుని చదివే అలవాటు. డైక్ అంటే కట్ట, రంప్ అంటే విపత్తు, రెండూ కలిపితే డైక్‌రంప్. హడావుడిలో రావత్తు పెట్టేసి డైక్రంప్ అని రాసుకుని, డై... క్రంప్ అని సాగదీసి చదివా. అంతే, అది తొడ పట్టుకుని అబ్బా అబ్బా అంటూ సోఫా మీంచి కిందికి జారింది! డై అంటే తొడంట, క్రంప్ అంటే పట్టేయడమంట. వాళ్ల స్పెల్లింగ్‌లో రెండూ ఒకటే, మధ్యలో ఖాళీ ఇవ్వకుండా అతికించేస్తారు, ఎక్కడ విరవాలో మనకి తెలిసుండాలి.

ఇక నాకు క్లాసు మొదలు. మసాజ్ చేసే మంచానికీ జనమంతా కలిసి చేసే ప్రార్థనకీ ఒకే స్పెల్లింగంట (massagebed), విరిచే చోటు మారితే గ పలకడం కూడా మారిపోతుంది. చిన్నప్పట్నుంచీ చప్పట్లు కొడుతూ మాటలు ముక్కలు చేసిన పిల్లలు, ఆ చెవి మనకెక్కడిది?

ఒక్కచోట మాత్రం నాదే పైచేయి. జక్ అంటే జేబు, దూక్ అంటే గుడ్డ, అచ్చం మన జేబురుమాలే. నేను జక్‌దూక్ అంటే కాదమ్మా జగ్‌దూక్ అంది. ఎందుకే అంటే అంతే, అలాగే అంటారంది. వాక్ + దానం వాగ్దానం అయినట్టే కదే! మామూలుగా వీళ్ల గ గొంతు గీరుకుంటూ ఖ్ అని వస్తుంది, మన మెత్తటి గ ఇలా క పక్కన ద వచ్చినప్పుడు దొరికిందన్నమాట. స్కూల్లో తిట్లు తింటూ బట్టీపట్టిన జశ్త్వసంధి ఇన్నేళ్లకి ఇక్కడ పనికొచ్చింది.

ఇప్పుడు నోట్‌బుక్‌లో డైక్‌కీ రంప్‌కీ మధ్య ఎర్ర పెన్నుతో గీత కొట్టి పెట్టుకున్నా. అయినా నేను కాళ్లు చాపుకుని కూర్చుంటే చాలు, కట్ట తెగిందా అమ్మా అంటుంది.