మూడు ఫొటోలు పట్టుకుని లైబ్రరీకి రండి

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఊళ్లూ నగరాలూ కలిపి 351. అన్నిటికీ వెళ్లి, జనం ఇళ్లల్లో ఉన్న ఫొటోలూ వాటి కథలూ సేకరించాలని యూమాస్ బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 2004లో ఒక పని మొదలుపెట్టారు. పేరు మాస్ మెమరీస్ రోడ్ షో. యూనివర్సిటీలు బయటి జనంతో కలిసి చేసే చరిత్ర పనుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. వలంటీరుగా స్కానర్ దగ్గర కూర్చున్నాను కాబట్టి ఎలా నడుస్తుందో చెబుతాను.

ముందు ఆ ఊరివాళ్లే ఒక బృందంగా ఏర్పడాలి. నలుగురికీ చెప్పి పిలుచుకొచ్చేది వాళ్లే. అనుకున్న రోజున ఎవరైనా రెండు మూడు ఫొటోలు తెస్తే అక్కడికక్కడే స్కాన్ చేసి, అసలు ఫొటోలు వాళ్ల చేతికే ఇచ్చేస్తారు. కాపీలు యూనివర్సిటీ ఆర్కైవ్‌లో చేరతాయి, ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఫొటో పోతుందేమోనన్న టెన్షన్ లేకపోవడం వల్లే, గడప దాటని ఆల్బమ్‌లు కూడా బయటికొస్తాయి.

ఫొటోలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగి రాసుకుంటాం. ఇదే ఫొటో ఎందుకు తెచ్చారని అడిగితే మాత్రం అసలు కథ మొదలవుతుంది. ఒక పెద్దావిడ తెచ్చిన ఫొటోలో కిటికీ సగం దాకా మంచు, ముందు పార పట్టుకున్న కుర్రాడు. ఏ సంవత్సరమో తడుముకోలేదావిడ. 1978 ఫిబ్రవరి మంచు తుపాను ఇక్కడి పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ కుర్రాడు పక్కింటివాడట. వాళ్లాయన డ్యూటీలో ఇరుక్కుపోతే, వాడే వచ్చి గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి తవ్వాడట. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాం. చరిత్ర అంటే ఇదీ అని నేను గట్టిగా నమ్ముతాను.

మనవాళ్ల సంగతి తలుచుకుంటే ఆత్రంగా ఉంటుంది. ఇక్కడి ఆష్‌లాండ్ లక్ష్మీ గుడికి కుంభాభిషేకం జరిగింది 1990లో. అంతకుముందు ఎవరింట్లో పండగలు చేసుకున్నారో, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎలా తెప్పించుకున్నారో చెప్పగలిగినవాళ్లకి ఇప్పుడు డెబ్భై దాటాయి. వాళ్ల ఆల్బమ్‌లు గరాజుల్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి. పిల్లలకేమో ఫొటోలో అమ్మానాన్నా తప్ప మిగతావాళ్లెవరో తెలీదు.

యూమాస్ వాళ్లు తమ అనుభవమంతా రోపా అనే గైడుగా రాసి ఉచితంగా పెట్టారు. ఇలాంటి రోజు ఎలా జరపాలో అడుగడుగునా అందులో ఉంది. కడపలోనో వరంగల్‌లోనో ఒక చరిత్ర శాఖ తలుచుకుంటే, రెండు స్కానర్లూ పంచాయతీ ఆఫీసు వరండా ఉంటే మొదలుపెట్టెయ్యొచ్చు. అక్కడ పాఠాలు చెప్పేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ గైడు ఒకసారి చూడండి.

ఈలోగా, పాత ఫొటోల్లో ఉన్నవాళ్లని గుర్తుపట్టే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ వారమే వాళ్ల పక్కన కూర్చుని పేర్లు రాసుకోండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో మాత్రం వద్దు. మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయండి.