లారీ టైర్ల షాపులో ఎయిర్ గన్ను: నా అనుభవం

మాది తుని దగ్గర, హైవే పక్కన లారీ టైర్ల షాపు. చెన్నై–కోల్‌కతా రోడ్డు కాబట్టి రాత్రీ పగలూ బండ్లు ఆగుతూనే ఉంటాయి, పది స్టడ్ల (చక్రాన్ని పట్టి ఉంచే బోల్టులు) చక్రాలు విప్పడం, బిగించడమే మా పనిలో సగం. దీనికోసం ఒక అంగుళం ఎయిర్ గన్ను, అంటే నట్టు మీద కూర్చునే సాకెట్‌ని గాలి బలంతో దెబ్బ దెబ్బగా తిప్పే పనిముట్టు (సాకెట్ తగిలే కడ్డీ సైజే ఆ అంగుళం), సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. తుప్పు పట్టిన నట్టు మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కితే రెండు దెబ్బల్లో కదిలేది. వర్షాలు మొదలయ్యాక మెల్లగా నీరసపడింది, టకటకా కొడుతూనే ఉంటుంది గానీ నట్టు కదలదు, చివరికి పానా వేసి పైపు తొడిగి ఇద్దరం ఎక్కి తొక్కాల్సి వచ్చేది.

ఎవరిని అడిగినా ఒకటే మాట, కంప్రెసర్ ప్రెషర్ పెంచెయ్యి. మా బావమరిది అయితే స్క్రూడ్రైవర్ పట్టుకుని కంప్రెసర్ ఎంత ప్రెషర్ దగ్గర ఆగాలో చెప్పే ప్రెషర్ స్విచ్ దగ్గరికి వెళ్ళిపోయాడు కూడా. నేను ఒప్పుకోలేదు. గన్ను ఒంటి మీదే రాసి ఉంటుంది 90 పీఎస్ఐ అని, అంటే సుమారు 6.2 బార్ (రెండూ గాలి ప్రెషర్ కొలతలే). దాన్ని దాటి గాలి ఇస్తే లోపలి సుత్తి, ముందు సాకెట్ తగిలించే పలకల కడ్డీ తమ హద్దు దాటి దెబ్బలు తింటాయి, ఏదో ఒక రోజు సాకెట్ పగిలి ముక్క ఎవరి కంట్లోనో పడుతుంది. పైపులు, వాటిని కలిపే కప్లింగులు కూడా అంత ప్రెషర్‌కి తయారైనవని నమ్మకం లేదు. పైగా ట్యాంకు గేజి ఎప్పుడు చూసినా 8 బార్ మీదే ఉంటోంది. అక్కడ 8 ఉండి గన్ను దగ్గర బలం లేదంటే, మధ్యలో ఎక్కడో పోతోందన్నమాట.

అందుకని గన్నుకి పైపు తగిలే చోట T ఆకారపు జాయింటు ఒకటి పెట్టి చిన్న గేజి బిగించాను. ట్రిగ్గర్ నొక్కకముందు అది కూడా 8 దగ్గరే చూపించింది. నొక్కి పట్టుకోగానే ముల్లు జారి 4 కిందికి వచ్చేసింది. అసలు సంగతి అక్కడ బయటపడింది. గాలి కదలకుండా ఉన్నప్పుడు గేజి చూపించే అంకెతో మనకి పని లేదు, గన్ను తిరుగుతున్నప్పుడు దానిలోకి గాలి వెళ్ళే మూతి దగ్గర ఎంత ఉందో అదే లెక్క. ఈ గేజి పెద్ద ఖరీదు కాదు, గన్ను వాడే ప్రతి షాపులోనూ ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇది లేకుండా ప్రెషర్ పెంచేవాళ్ళు కళ్ళు మూసుకుని పెంచుతున్నట్టే లెక్క.

పైపు సంగతి చూస్తే, పాత యజమాని గన్నుతో పాటు ఇచ్చింది కారు షాపుల్లో అర అంగుళం గన్నుకి వాడే సన్న పైపు. దానికి అక్కడక్కడా అతుకులు, ప్రతి అతుకు దగ్గరా క్లిప్పు, కప్లింగు లోపల సన్న కన్నం. ఒక అంగుళం గన్ను తాగే గాలి చాలా ఎక్కువ, దానికి ముప్పావు అంగుళం లోపలి కన్నం ఉన్న పైపు కావాలి, అదీ వీలైనంత పొట్టిగా. పైపు మార్చాను, కప్లింగులు కూడా కన్నం పెద్దవి తెచ్చాను. లావు పైపుకి ఒక ప్రమాదం ఉంది, కప్లింగు ఊడిందంటే ఆ పైపు కొట్టే దెబ్బకి కాలు విరిగినా విరుగుతుంది. అందుకే ప్రతి జాయింటు దగ్గరా రెండు వైపులా పట్టుకునేలా స్టీలు తాడు తగిలించాను, కప్లింగు ఊడినా పైపు ఎగరకుండా అది ఆపుతుంది. ఇవన్నీ అయ్యాక ట్రిగ్గర్ నొక్కితే ముల్లు 6 దగ్గర నిలబడింది. పోయిన బలంలో సగం తిరిగొచ్చింది.

సగమే. మిగతాది నీళ్ళ దగ్గర దొరికింది.

మాది సముద్రానికి దగ్గర ఊరు, వానాకాలం గాలి పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. కంప్రెసర్ ఆ గాలినే లోపలికి లాగి నొక్కుతుంది, వేడెక్కిన గాలి ట్యాంకులో చల్లారగానే అందులోని తేమ చాలావరకు నీళ్ళయి అడుగున చేరుతుంది. ట్యాంకు కింద ఉన్న డ్రెయిన్ విప్పితే టీ రంగు నీళ్ళు, తుప్పు కలిసి బకెట్టులోకి వచ్చాయి. ఆ నీళ్ళే గాలితో కలిసి గన్నులోకి వెళ్ళేది. గన్ను లోపలంతా ఇనుమూ ఉక్కూ, రాత్రంతా తడిలో ఉంటే పొద్దున్నకి తుప్పే. ఇప్పుడు రోజూ షాపు మూసేముందు డ్రెయిన్ విప్పడం మా దగ్గర షట్టరు దించడం లాంటి పని అయిపోయింది. ట్యాంకులో కాస్త గాలి మిగిలి ఉండగానే విప్పాలి, అప్పుడే ఆ ప్రెషర్‌కి తుప్పు నలకలు కూడా బయటికి వస్తాయి, ముఖం మాత్రం పక్కకి పెట్టుకోవాలి. ట్యాంకు లోపల తుప్పు తింటే రేకు పలచబడుతుంది, ట్యాంకు పేలితే షాపులో ఎవరూ మిగలరు, కాబట్టి ఇది గన్ను కోసం మాత్రమే చేసే పని కాదు. ప్రెషర్ మితిమీరితే గాలి వదిలే సేఫ్టీ వాల్వు రింగు కూడా అప్పుడప్పుడూ లాగి గాలి వదులుతుందో లేదో చూస్తుంటాను.

గోడ వెంబడి వెళ్ళే గాలి లైనుని కూడా సరిచేయించాను. లైను కాస్త వాలుగా ఉండి చివర నీళ్ళు దిగే కొళాయి ఉండాలి, గన్నుకి గాలి తీసే కొమ్మ ఆ పైపు పై భాగం నుంచి మొదలవ్వాలి. కింద నుంచి తీస్తే నీళ్ళన్నీ నేరుగా గన్నులోకే. ఆ కొమ్మ చివర ఫిల్టరు, ప్రెషర్ సరిచేసే రెగ్యులేటరు, గాలిలో నూనె కలిపే నూనె గిన్నె మూడూ కలిసిన సెట్టు పెట్టాను.

ఇంత చేసినా పాత గట్టితనం పూర్తిగా రాలేదు. అప్పుడు గన్నుని పట్టుకుని గాజువాక ఆటోనగర్ వెళ్ళాను, అక్కడ గాలి పనిముట్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అందరూ బాబాయ్ అంటారు. ఆయన విప్పకముందు ట్రిగ్గర్ నొక్కి, చెవి పెట్టి విని, "గన్నుకేం కాలేదు తమ్ముడూ, దీనికి తిండే సరిగ్గా పెట్టలేదు" అన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకునే విప్పాడు, నాకు కావలసిందీ అదే.

వెనక మూత బోల్టులు తీసి మూత లాగితే గాలి మోటారు కనబడింది. గుండ్రటి సిలిండరు, దాని మధ్యకి కాకుండా ఒక పక్కకి జరిగి కూర్చున్న రోటరు, రోటరు గాడుల్లో పలచటి రేకుల్లాంటి వేన్లు. గాలి తోస్తుంటే ఆ వేన్లు గాడుల్లోంచి బయటికి జారి సిలిండరు గోడని రాసుకుంటూ తిరగాలి. మా గన్నులో ఒక వేను గోటితో లాగినా రాలేదు. పాత యజమాని గేరు ఆయిల్ పోసినట్టున్నాడు, అది నీళ్ళతో కలిసి గాడుల్లో నల్లటి జిగురైపోయింది. బాబాయ్ కిరసనాయిలులో నానబెట్టి, సన్న బ్రష్షుతో గాడి గాడికీ రుద్ది, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. వేన్లు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి అంచు చూపించాడు. అంచు తిన్నగా ఉండాలి, మూలలు విరగకూడదు. మావి రెండు మూలల్లో పెచ్చులూడి ఉన్నాయి. ఒకటి పోతే సెట్టు మొత్తం మార్చాలన్నాడు, పాతవీ కొత్తవీ కలిపితే ఎత్తు సమానంగా ఉండదట. ముందు భాగంలో సుత్తులు, వాటి పిన్నులు తీసి చూసి, పాత గ్రీజు తుడిచేసి కొత్తది పెట్టాడు. కొద్దిగానే పెట్టాడు, నిండా కూరితే సుత్తి విసురు తగ్గిపోతుందన్నాడు. సాకెట్ కూర్చునే పలకల కడ్డీ మూలలు అరగలేదు, అదృష్టం. అవి గుండ్రంగా అరిగితే సాకెట్ ఊగుతుంది, దెబ్బ నట్టుకి చేరకముందే సగం పోతుంది.

నూనె విషయంలో బాబాయ్ మాట ఇప్పుడు మా షాపులో చట్టం. ఎయిర్ టూల్ ఆయిల్ అని పలచటి నూనె వేరే దొరుకుతుంది, అదే వాడాలి. ఇంజిన్ ఆయిల్ వద్దు, గేరు ఆయిల్ అసలే వద్దు. లైనులో నూనె గిన్నె ఉన్నా సరే, పొద్దున్న పని మొదలెట్టే ముందు గన్నులో గాలి వెళ్ళే మూతిలో కొన్ని చుక్కలు, రాత్రి పని అయ్యాక కొన్ని చుక్కలు వేసి కాసేపు తిప్పాలి. రాత్రి వేసే చుక్కలే ముఖ్యం, తడిని తోసేసి తెల్లారేదాకా తుప్పు పట్టకుండా కాపాడేవి అవే. నూనె వేసి మొదటిసారి నొక్కినప్పుడు గాలి బయటికి వచ్చే కన్నం లోంచి నూనె తుంపర ఎగురుతుంది, అటువైపు మనిషి గానీ బ్రేకు డ్రమ్ము గానీ ఉండకుండా చూసుకోవాలి.

ఇక వాడే పద్ధతి. దీని మీద నేను కటువుగానే ఉంటాను, మా కుర్రాళ్ళు విసుక్కున్నా సరే. సాకెట్ మార్చాలంటే ముందు గాలి కొళాయి కట్టేసి, ట్రిగ్గర్ నొక్కి మిగిలిన గాలి వదిలేసి, పైపు తీసేయాలి. ఊరికే సాకెట్ మార్చడానికి ఇంత తతంగమా అంటారు. పది కిలోల గన్ను ఒళ్ళో పెట్టుకుని సాకెట్ లాగుతుంటే ట్రిగ్గర్ ఎక్కడ నొక్కుకుంటుందో ఎవరికి తెలుసు? సాకెట్లు నల్లవే వాడాలి, గన్ను దెబ్బలకని చేసినవి. మెరిసే క్రోము సాకెట్లు చేతి పానాకి, గన్నుకి తగిలిస్తే చిట్లి ముక్కలు ఎగురుతాయి. సాకెట్ ఊడకుండా పట్టే పిన్ను, దాని మీద రబ్బరు రింగు రోజూ చూడాలి. నట్టు మీద సాకెట్ పూర్తిగా కూర్చున్నాకే ట్రిగ్గర్ నొక్కాలి, ఊరికే గాల్లో తిప్పితే అరుగుదల, దానికి తోడు సాకెట్ ఎగిరే ప్రమాదం.

మన దగ్గర మెడలో తువ్వాలు వేసుకోని టైరు పనివాడు ఉండడు. గన్ను పట్టుకునే ముందు అది తీసి మేకుకి తగిలించాల్సిందే, అలాగే వదులు నూలు గ్లౌజులు కూడా, తిరిగే సాకెట్ గుడ్డని పట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. చెవుల సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఫ్యాక్టరీల రూల్సులో ఎనిమిది గంటలకి 90 డెసిబెల్స్ హద్దు, పెద్ద గన్ను లారీ చక్రం మీద కొట్టే చప్పుడు దాన్ని ఇట్టే దాటేస్తుంది. ఈ లైనులో ముసలైన మేస్త్రీలతో మాట్లాడండి, సగం మందికి గట్టిగా అరిస్తే గానీ వినబడదు. చేతులు తిమ్మిరెక్కినా, చలికి వేళ్ళ చివర్లు తెల్లబడుతున్నా అది అలసట కాదు, అదురుడు వల్ల నరాలకీ రక్తనాళాలకీ దెబ్బ తగులుతోందని అర్థం. అందుకే గన్ను ఒకరి చేతిలోనే రోజంతా ఉంచం, మార్చుకుంటాం.

ఇంకొకటి, దీని మీద నాకు అసలు ఓపిక లేదు. పని అయ్యాక గాలి పైపుతో ఒంటి మీద దుమ్ము కొట్టుకోవడం, పక్కవాడి మీదకి సరదాకి గాలి వదలడం. గాలి చర్మంలోని చిన్న గాయం గుండా లోపలికి దూరుతుంది, కంటికి తగిలితే చూపు పోవచ్చు. సరదా పేరుతో తోటి పనివాడి శరీరంలోకి గాలి కొట్టి ప్రాణం తీసిన సంఘటనలు మన దేశంలోనే జరిగాయి. మా షాపులో ఎవరైనా మనిషి వైపు పైపు తిప్పితే ఆ రోజే లెక్క చూసి పంపించేస్తానని చేర్చుకున్న రోజే చెబుతాను.

చక్రం విప్పే దగ్గర కూడా గన్ను తొందరపెడుతుంది, మనం పడకూడదు. జాకీ మీదే నమ్మకం పెట్టుకోకుండా స్టాండు పెట్టాలి. ముక్కలుగా ఉండి రింగుతో బిగించే రిమ్ములకి, జంట టైర్లయితే రెండింటికీ, నట్లు వదులు చేసే ముందే గాలి పూర్తిగా తీసేయాలి. చీలిన రిమ్మును నట్లే పట్టి ఉంచుతుంటే, అవి వదులవగానే అది పేలుతుంది. పాత లారీల్లో కొన్నిటికి ఎడమ వైపు చక్రాల నట్లు రివర్స్ మర, స్టడ్డు చివర గుర్తు చూడకుండా గన్ను పెడితే విప్పుతున్నామనుకుంటూ బిగిస్తాం.

బిగించేటప్పుడు డ్రైవర్లతోనే గొడవంతా. "ఏవండీ, గన్ను పెట్టి గట్టిగా కొట్టేయండి, వైజాగ్‌లో లోడు దించాలి" అంటారు. నేను కొట్టను. ముందు ప్రతి నట్టూ చేత్తో రెండు మూడు మరలు ఎక్కిస్తాం, మర అడ్డంగా పడితే చేతికి తెలుస్తుంది, గన్నుకి తెలియదు. తర్వాత ఎదురెదురుగా నట్లు మార్చుకుంటూ గన్నుతో తేలిగ్గా ఆనిస్తాం, చివరి బిగువు మాత్రం టార్క్ రెంచితోనే, అంటే ఎంత బిగించామో అంకెలో కొలిచే పానాతో. చాలా లారీల 22 మిల్లీమీటర్ల స్టడ్లకి 600 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కచ్చితమైన అంకె బండి కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. గన్ను మీద రాసి ఉండే బలం దీనికి కొన్ని రెట్లు ఉంటుంది, దాంతో ఇష్టమొచ్చినట్టు కొడితే స్టడ్డు సాగుతుంది. ఇవాళ పట్టుకుంటుంది, రేపు ఘాట్ రోడ్డు మీద తెగుతుంది. అర్ధరాత్రి దారిలో టైరు పంచరైతే డ్రైవరు దగ్గరున్న పానాతో ఆ నట్టు ఊడదు కూడా. ఈ మాట చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు, ఎందుకంటే అలా రోడ్డు మీద ఇరుక్కోని డ్రైవరు లేడు. యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి టార్క్ చూపించుకోమని బిల్లు మీద రాసి ఇస్తాం, తిరిగొచ్చే దారిలో మా దగ్గరికే వస్తే డబ్బు తీసుకోం.

గన్ను ఇప్పుడు కొత్తలో ఎలా ఉండేదో అలా కొడుతోంది, ప్రెషర్ స్విచ్ మాత్రం ముట్టుకోలేదు. వానాకాలంలో ఫిల్టరు గిన్నె ఇంకా పూట పూటకీ నిండుతోంది కాబట్టి గాలిని చల్లార్చి తేమ తీసే డ్రయ్యరు పెట్టాలని ధరలు అడుగుతున్నాను. మా కంప్రెసర్ ఇచ్చే గాలికి ఏ సైజు సరిపోతుందో, మా ఎండలకి అది ఎలా తట్టుకుంటుందో కోస్తాలో వాడుతున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.