మిద్దె మీద చందమామ

"చందమామ మీద నిలబడితే మన అనంతపురం కనిపిస్తుందా నాన్నా?"

కరెంటు పోయి మిద్దె మీద చాప పరిచాం. పైన నిండు చందమామ.

ఊరు కనిపించదు గానీ భూమి కనిపిస్తుందమ్మా, మనం చూసే చందమామకు దాదాపు 4 రెట్ల వెడల్పుతో. ఉదయించదు, అస్తమించదు. దూలానికి కట్టిన లాంతరులా ఉన్నచోటే ఉంటుంది. కాకపోతే మనకు పౌర్ణమి అంటే అక్కడ భూమికి అమావాస్య. ఈ రాత్రి వెళ్లినా లాభం లేదు!

పట్టపగలే ఆకాశం నల్లగా ఉంటుందంటే నమ్మలేదు. గాలి లేదు మరి. విసనకర్ర ఊపినా దండగే. ఆ పగలు మన లెక్కన 2 వారాలు, నేల వేడి 100 డిగ్రీలు దాటుతుంది. మన మే నెల ఎండలే నయం.

బరువు ఆరో వంతే, నీ 24 కిలోలు అక్కడ 4 కిలోలే తూగుతాయి అన్నాను.

"అయితే అక్కడ ఎత్తుకోమంటే నడుం నొప్పి అనవు కదా!"